తిరుత్తణి ఏ రాష్ట్రంలోనిది?

గడచిన మాసంలో తమిళనాడు సరిహద్దున ఉన్న ఒక చిన్న పట్టణంలో తెలుగు కుటుంబాల పిల్లలకు జనరల్ నాలెడ్జ్ పోటీ జరిగింది. న్యాయనిర్ణేతగా నన్ను పిలిచారు. ఇరవై ఏళ్ళుగా న్యాయమూర్తుల ఎదుట నిలబడి వాదించడమే గాని, ఆ పీఠం మీద కూర్చునే భాగ్యం నాకు ఏనాడూ కలగలేదు గనుక సంతోషంగానే వెళ్ళాను. కల్యాణ మండపంలో నలభై మంది పిల్లలు, వెనుక కుర్చీలలో తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు. ప్రశ్నలు పోటీపరీక్షల గైడు ఒకదాని నుంచి ఏరి తీసినవి. చదివి వినిపించేది తెలుగులోనే అయినా, నా చేతికిచ్చిన జవాబుల కాగితం మాత్రం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది.

ఆఖరి ఆవృత్తంలో ఒక ప్రశ్న వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఏ రాష్ట్రంలో జన్మించారు? ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక లేచి, "ఆయన పుట్టినప్పుడు తమిళనాడూ లేదు, ఆంధ్రా లేదు సార్. మద్రాసు ప్రెసిడెన్సీ ఉండేది. తిరుత్తణి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మా తాత చదువుకునేటప్పుడు చిత్తూరు జిల్లా అయింది" అన్నది. నేను కాగితం చూశాను. తమిళనాడు అని ఉంది. "అడిగింది రాష్ట్రం పేరమ్మా" అని సున్నా వేశాను. ఆ ఒక్క మార్కు తేడాతో ఆమెకు ప్రథమ బహుమతి పోయింది. వెనుక కుర్చీలలో ఒక పెద్దాయన ఏదో అనబోయి ఊరుకోవడం నేను గమనించాను. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. రాధాకృష్ణన్ జన్మించినది 1888 సెప్టెంబరు 5. ఆనాడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు చిత్తూరుతోపాటు ఆంధ్రలోకి వచ్చింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం, దాని వెంట 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు పోయింది. మద్రాసు రాష్ట్రం తమిళనాడుగా పేరు మార్చుకున్నది 1969 జనవరి 14న. ఇప్పుడు ఆ ఊరు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఊరు అడుగు కదలలేదు; దాని మీదుగా గీతలే కదిలాయి. రాధాకృష్ణన్ ఉపరాష్ట్రపతిగా ఉన్న పదేళ్ళలో ఆరున్నరేళ్ళు ఆయన పుట్టిన ఊరు ఆంధ్రలో ఉండేది; రాష్ట్రపతి పదవి చేపట్టే 1962 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఈ ఆనుపూర్వి అంతా ఆ అమ్మాయి రెండు మూడు వాక్యాలలో చెప్పింది. లా చదివిన నేను దానికి సున్నా వేశాను.

పొరపాటు నాది. అయితే ఆ పొరపాటుకు ఆధారమైన గైడుల చదువు గురించి ఈ నెల కొంత మాట్లాడదలచుకున్నాను. మన పిల్లలు సర్వీసు కమిషను పరీక్షలకో, బ్యాంకు పరీక్షలకో, రైల్వే పరీక్షలకో కూర్చునేటప్పుడు వారి భవిష్యత్తు ఇలాంటి ఒక మార్కు, అర మార్కు ప్రశ్నల మీదనే నిలిచి ఉంటుంది.

గైడు పుస్తకాలలో జవాబు ఉంటుంది, దానికి తేదీ ఉండదు. లోకంలో మారని జవాబులు తక్కువ. నేను బడిలో చదివేనాటికి గ్రహాలు తొమ్మిది. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలో వేసినప్పటి నుంచి ఎనిమిది. ఆకాశం సంగతి అలా ఉంచి నేల మీదికి వద్దాం. గుజరాత్ తరువాత పొడవైన సముద్రతీరం ఆంధ్రప్రదేశ్‌దని మనమందరం కంఠస్థం చేశాం. 974 కిలోమీటర్లని అంకె కూడా తప్పకుండా చెప్పేవాళ్ళం. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదికలో దేశపు తీరరేఖ 7,516 కిలోమీటర్ల నుంచి 11,098 కిలోమీటర్లకు పెరిగింది. సముద్రం ముందుకు రాలేదు, వెనక్కు పోలేదు. పూర్వం చిన్న స్కేలు పటం మీద కొలిచారు, ఇప్పుడు మరింత వివరమైన పటం మీద ప్రతి వంపునూ, ప్రతి పాయనూ కొలిచారు. ఆ కొలతలో తమిళనాడు 1,068 కిలోమీటర్లతో రెండవ స్థానానికి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1,053తో మూడవది అయింది. పాత గైడు చదివిన పిల్లవాడు ఒక జవాబు రాస్తాడు, కొత్త గైడు చదివినవాడు వేరొకటి రాస్తాడు; కొలిచిన సంవత్సరం ప్రశ్నలో లేకపోతే ఇద్దరూ సరైనవారే.

మన భాష విషయంలోనే చూడండి. దేశంలో మాట్లాడేవారి సంఖ్యను బట్టి తెలుగు ఎన్నవది? మూడవది అని మన పిల్లలు ఈనాటికీ గొప్పగా చెబుతారు. 2001 జనగణన వరకు అది నిజమే. అప్పుడు తెలుగువారు 7 కోట్ల 40 లక్షలు. 2011 లెక్కలలో మనం 8 కోట్ల 11 లక్షలు, మరాఠీవారు 8 కోట్ల 30 లక్షలు. అంటే తెలుగు నాలుగవది. ఈ రెంటి మధ్య తేడా సుమారు 19 లక్షలు. ఆ 2011 లెక్కలలోనే తమిళనాడులో మాతృభాష తెలుగు అని రాయించుకున్నవారు 42 లక్షల పైచిలుకు, కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు, మహారాష్ట్రలో 13 లక్షల పైన. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, లెక్కలవాడు వచ్చినప్పుడు "ఇక్కడి భాషే రాసుకోండి, గొడవ ఎందుకు" అన్న ఇళ్ళు ఎన్నో నాకు స్వయంగా తెలుసు. మా మేనమామ ఇల్లే ఒకటి. 2027 మార్చి 1 ప్రాతిపదికగా తదుపరి జనగణన జరపనున్నట్లు 2025 జూన్‌లో కేంద్రం గెజిట్‌లో ప్రకటించింది. "మీ మాతృభాష ఏది?" అన్న ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం కీ తయారు చేసేది ఏ బోర్డూ కాదు, ఏ గైడూ కాదు. ఇంటి పెద్ద నోటి మాటే అక్కడ జవాబు. ఆ మాట రాసుకున్నారో లేదో అడిగి చూసుకోవలసింది కూడా ఇంటివారే.

ప్రాచీన భాషలు ఎన్ని అన్న ప్రశ్నకూ ఇదే గతి. 2004లో తమిళం ఒక్కటే. 2005లో సంస్కృతం చేరింది. 2008లో తెలుగు, కన్నడం ఒకేనాడు ఆ హోదా పొందాయి. తరువాత మలయాళం, ఒడియా వచ్చి ఆరు అయ్యాయి. 2024 అక్టోబరులో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరి పదకొండు అయ్యాయి. మొన్నటి పోటీలో ఆరు అని చెప్పిన ఇద్దరు పిల్లలకు నేను పూర్తి మార్కు వేశానని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. కాగితం మీద ఆరు అనే ఉంది.

ఇక సరిహద్దు కుటుంబాలకు బాగా దగ్గరి ప్రశ్నలు. వి.వి. గిరి ఏ రాష్ట్రంవారు? గైడులో ఒడిశా అని ఉంటుంది. 1894 ఆగస్టు 10న ఆయన బరంపురంలో పుట్టేనాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది 1936 ఏప్రిల్ 1న. ఆ మరుసటి ఏడాదే గిరి బొబ్బిలిలో బొబ్బిలి రాజావారిని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్ళి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. తెలుగు ఇళ్ళలో పుట్టి రాష్ట్రపతులైన రాధాకృష్ణన్, గిరి ఇద్దరి జన్మస్థలాలూ నేడు తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు ఆవల ఉన్నాయి. మనం వలస వచ్చినవాళ్ళమని అనుకునేవారికి ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు. మన పూర్వీకులు ఎక్కడికీ పోలేదు. కొందరి విషయంలో పొలిమేర రాయే వచ్చి వారి ఇంటి ముందు నిలిచింది.

ఒడిశా మాట వచ్చింది గనుక మరొకటి. భాషాప్రాతిపదికపై ఏర్పడిన తొలి రాష్ట్రం ఏది? కొన్ని పుస్తకాలలో ఆంధ్రప్రదేశ్, 1956 అని ఉంటుంది. అది తప్పు. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరశన తరువాత 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణం విడిచారు. దాని ఫలితంగా 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడినది ఆంధ్ర రాష్ట్రం. స్వతంత్ర భారతంలో అదే మొదటిది. ప్రశ్నలో 'స్వతంత్ర భారతంలో' అన్న రెండు మాటలు లేకపోతే మాత్రం ఒడియా మిత్రులు 1936ను చూపిస్తారు, వారి వాదం కాదనలేనిది. అదే 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా రెండయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, తక్కినది మైసూరుకు పోయింది. ఆంధ్ర నాటక పితామహుడు అని బిరుదు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ బళ్ళారిలో న్యాయవాదిగా ఉండి 'చిత్రనళీయం' రాశారు. మన వృత్తివారిలో నాటకీయత కొత్తది కాదని నా మిత్రులతో పరిహాసమాడుతుంటాను.

1936 అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది గిడుగు రామమూర్తి పంతులు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి జయంతి అంటే పిల్లలు టక్కున చెబుతారు. ఆయన ఎక్కడ పనిచేశారు అంటే చెప్పలేరు. మూడు దశాబ్దాలు ఆయన పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి, నేటి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. ఆ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆ వృద్ధుడు అక్కడ ఉండలేక రాజమహేంద్రవరం వచ్చేశారు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆ మనిషి, చుట్టుపక్కల కొండలలోని సవరల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం సొంత డబ్బుతో బడి పెట్టి, పాఠ్యపుస్తకాలు రాసి, వ్యాకరణం కూర్చారు. ఆ వ్యాకరణం 1931లో అచ్చయింది. మెజారిటీ భాషవాడిగా ఉన్న కాలంలో ఆయన తనకన్నా చిన్న భాషకు చేసిన సేవ అది. మన ఉద్యమంలో ఉన్నవాళ్ళు, నేనూ సహా, మన తెలుగు గ్రామాల పక్కనే ఉన్న చిన్న భాషలను ఎంతమాత్రం పట్టించుకుంటున్నామో చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

యానాం గురించి ఒక ప్రశ్న మా కోర్టు ఆవరణలో వేసి చాలామందిని ఓడించాను. తెలుగును అధికార భాషగా గుర్తించిన చట్టం ముందుగా ఎక్కడ వచ్చింది? అందరూ ఆంధ్రప్రదేశ్ అంటారు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966 నాటిది. పాండిచ్చేరి అధికార భాషా చట్టం 1965 నాటిది, అందులో యానాంకు తెలుగు ఉంది. 1947 ఆగస్టు 15న యానాంలో ఇంకా ఫ్రెంచివారే ఉన్నారు. 1954లో ఆ నేల భారత పాలనలోకి వచ్చింది, చట్టరీత్యా విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. గోదావరి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల ఆ తెలుగు గడ్డ మీద 'మీ ఊరికి స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చింది' అన్న ప్రశ్నకు దేశమంతటి జవాబు చెల్లదు.

ఇప్పుడు న్యాయం మాట. జవాబుల కీ తప్పయితే విద్యార్థికి దారి ఉందా? ఉంది. ఉత్తరప్రదేశ్ వైద్యవిద్య ప్రవేశ పరీక్షపై వచ్చిన కాన్పూరు విశ్వవిద్యాలయం, సమీర్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 1983లోనే ఈ సంగతి తేల్చింది. కీ సరైనదేనని ముందుగా భావించాలి. అయితే అది తప్పని స్పష్టంగా రుజువైతే, సరైన జవాబు రాసిన విద్యార్థిని శిక్షించడం అన్యాయం. కీని నిపుణులు మరొకసారి సరిచూసే పద్ధతి ఉండాలని కూడా కోర్టు చెప్పింది. ఆ తరువాతి తీర్పులలో, ముఖ్యంగా రణ్ విజయ్ సింగ్ కేసులో, కోర్టు చేయి వెనక్కు తీసుకుంది. సందేహం మిగిలితే దాని లాభం పరీక్ష పెట్టిన సంస్థకే పోతుందన్నది. కాబట్టి రుజువు కాగితం మీద ఉండాలి, తర్కం సరిపోదు. తాత్కాలిక కీ వెలువడిన తరువాత అభ్యంతరాలకు ఇచ్చే కొద్ది రోజుల గడువులోనే చట్టం ప్రతో, గెజిట్ పుటో, ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోని పేజీయో జత చేసి పంపాలి. గడువు దాటాక నా వంటివాడి దగ్గరకు వస్తే ఫీజు ఖర్చే గాని ఫలం తక్కువ.

మన ఇళ్ళలో ఆ రుజువులు చాలా ఉన్నాయి. తాతగారి స్కూలు సర్టిఫికెట్టులో చిత్తూరు జిల్లా అని ఉంటుంది, తండ్రిగారి దానిలో చెంగల్పట్టు, పిల్లవాడి దానిలో తిరువళ్ళూరు. ఊరు ఒకటే. పాత పట్టాలు, పన్ను రసీదులు, పెళ్ళి పత్రికలు పెట్టె అడుగున చెదలు పట్టిపోతున్నాయి. వాటిని తీసి, పిల్లల చేత చదివించి, జెరాక్సు తీయించి పెట్టుకోండి. ఆ బాలిక ఇంట్లో జరిగింది బహుశా అదే. ఏ గైడూ చెప్పని జవాబు ఆమెకు తాతగారి సర్టిఫికెట్టు చెప్పింది.

కష్టం ఎక్కడంటే, అలాంటి కాగితం తెలుగులో ఉంటే చదవగలిగే పిల్లలు తగ్గిపోతున్నారు. రాజ్యాంగంలో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పే అధికరణం ఏది అని అడిగితే ఆనాటి నలభై మందిలో ముప్పై చేతులు లేచాయి. 350-ఎ. 1956లో ఏడవ సవరణతో వచ్చిందని కూడా ఒకడు చెప్పాడు. అయితే హాజరు పట్టికలో తెలుగులో సంతకం చేసినవారు ఆరుగురు. 2006 చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి అంచెలంచెలుగా తప్పనిసరి చేసిన తరువాత పుట్టిన పిల్లలు వీళ్ళు. తమిళం నేర్చుకోవడం పట్ల నాకు ఎన్నడూ అభ్యంతరం లేదు. నేను వాదించేది ఆ భాషలోనే, అన్నం పెడుతున్నది ఆ భాషే. దాని పక్కన తెలుగుకు ఒక పీరియడు చోటు అడుగుతున్నాము, అంతే. 350-ఎ ఒక మార్కు ప్రశ్నగా మన పిల్లలకు తెలుసు, ఒక తరగతి గదిగా తెలియదు.

ఆ గది వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది ఒకటి ఆ పోటీ ముగిశాక చేసి చూశాను. పిల్లలందరినీ ఒక రూపాయి నోటు తీయమన్నాను. పది రూపాయలదైనా సరే, వందదైనా సరే. వెనుకవైపు చిన్న పలకలో పదిహేను భాషలలో విలువ రాసి ఉంటుంది. ఎనిమిదవ షెడ్యూలులో ఇరవై రెండు భాషలు ఉన్నాయి గదా, నోటు మీద పదిహేనే ఎందుకు అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న, షెడ్యూలులోని భాషలన్నీ ఆ పలకలోకి చేరలేదు. వరుస ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటుంది. నాలుగవది కన్నడం, పదవది ఒడియా, పదమూడవది తమిళం, దాని కిందనే పద్నాలుగవది తెలుగు. ఎనిమిదేళ్ళ పిల్లలు ఆ నలుసంత అక్షరాలను కళ్ళ దగ్గర పెట్టుకుని "ప… ది… రూ…" అని కూడబలుక్కుని చదువుతుంటే, వెనుక కూర్చున్న అవ్వలు కూడా నోట్లు తీశారు. తెలుగు అక్షరం రాని ఇంట్లో కూడా ఆ ఒక్క తెలుగు పంక్తి రోజూ చేతులు మారుతూనే ఉంది.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఒక పుట పిల్లల ప్రశ్నలకు కేటాయిస్తున్నాము. ప్రతి జవాబు పక్కన అది ఏ సంవత్సరం నాటి మాటో ఉంటుంది. తప్పులు చూపించిన పాఠకులకు ఆ తరువాతి సంచికలో సవరణతో సహా కృతజ్ఞత చెబుతాము. ప్రశ్నలు మీ ఊరి నుంచి, మీ ఇంటి పెట్టెలోని కాగితాల నుంచి రావాలని కోరుతున్నాను.

పోటీ నిర్వాహకులకు నా నిర్ణయం తప్పని లిఖితపూర్వకంగా తెలియజేశాను. ప్రథమ బహుమతి ఇద్దరికీ సమానంగా ప్రకటించారు. ఆ బాలికకు వేరుగా క్షమాపణ ఉత్తరం రాశాను. మొన్న జవాబు వచ్చింది. తెలుగులోనే రాసింది, రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. బహుమతి ముట్టిందని ఒక వాక్యం, తాతకు నమస్కారాలు చెప్పమన్నందుకు సంతోషమని మరొక వాక్యం. కింద ఒక ప్రశ్న: తిరుత్తణి అటు పోయినప్పుడు పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల నుంచి కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి గదా సార్, ఆ ఊళ్ళలోని తమిళ పిల్లలకు ఇప్పుడు తమిళ బడి ఉందా?